స్కౌట్ ఉద్యమం: శీల నిర్మాణం, జీవన నైపుణ్యాలు

స్కౌట్ ఉద్యమం ఆటలు, ఆరుబయటి శిబిరాలు, చేతిపనులు, సమాజ సేవ ద్వారా పిల్లలకు మంచి నడవడిని, సొంత కాళ్ల మీద నిలబడే నేర్పును అలవరచే స్వచ్ఛంద విద్యా ఉద్యమం. దీనికి రాజకీయ పక్షాలతో సంబంధం లేదు, కులమతాల పట్టింపు లేదు. 1907లో ఇంగ్లండ్‌లో ఇరవై మంది బాలురతో మొదలైన ఈ ఉద్యమానికి నేడు ప్రపంచ స్కౌట్ సంస్థ కిందనే ఐదు కోట్లకు పైగా సభ్యులున్నారు. భారతదేశంలో దీన్ని నడిపే ప్రధాన సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. ఇందులో చేరిన బాలురను స్కౌట్లు అనీ, బాలికలను గైడ్లు అనీ పిలుస్తారు.

నిజం చెప్పాలి, తోటివారికి సాయపడాలి, పొదుపు పాటించాలి అని బోధించే నీతి పద్యాలు తెలుగు బడిలో తరతరాలుగా ఉన్నాయి. స్కౌటింగ్ ఆ విలువలనే పనులుగా మార్చి పిల్లల చేతికి ఇస్తుంది. శిబిరంలో ఎనిమిది మందికి వండే బాధ్యత, చిన్నవాడికి ముడి వేయడం నేర్పే బాధ్యత, జాతరలో తప్పిపోయిన పిల్లను తల్లి దగ్గరకు చేర్చే బాధ్యత ఒకరి మీద పడినప్పుడు మాట నిలబెట్టుకోవడం అన్నది ఉపన్యాసంలోని మాటగా మిగలదు. ఇలాంటి బాధ్యతలు మళ్లీ మళ్లీ మోయడం వల్ల కుదిరే అలవాటునే స్కౌటింగ్ శీలంగా లెక్కిస్తుంది.

ఆవిర్భావం

ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్ పవెల్ (1857–1941) బ్రిటిష్ సైనికాధికారి. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధ కాలంలో, 1899 అక్టోబరు నుంచి 1900 మే వరకు 217 రోజుల పాటు సాగిన మఫెకింగ్ ముట్టడిలో పట్టణ రక్షణ బాధ్యత ఆయనది. అక్కడ కుర్రాళ్లు వార్తలు చేరవేయడం, కాపలా కాయడం వంటి పనులు చక్కగా చేశారు. నమ్మి పని అప్పగిస్తే పిల్లలు పెద్దల మాదిరే నెరవేర్చగలరన్న అభిప్రాయం ఆయనలో బలపడింది.

1907 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న బ్రౌన్‌సీ దీవిలో ఆయన ప్రయోగాత్మకంగా ఒక శిబిరం నడిపారు. సంపన్నుల బడుల్లో చదివేవారినీ, కార్మిక కుటుంబాల పిల్లలనూ కలిపి నాలుగు దళాలు చేశారు. ప్రతి దళానికీ వారిలోనే ఒకరు నాయకుడు. 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకం భాగాలుగా వెలువడగానే, ఎవరూ పిలవకుండానే ఊరూరా పిల్లలు దళాలుగా చేరసాగారు. ఆడపిల్లలు తమకూ చోటు కావాలని పట్టుబట్టడంతో 1910లో గైడ్ ఉద్యమం ఏర్పడింది. 1916లో చిన్నపిల్లల కోసం కబ్ విభాగం, తర్వాత యువకుల కోసం రోవర్ విభాగం వచ్చాయి. 1920లో లండన్‌లో మొదటి ప్రపంచ జాంబోరీ, అంటే స్కౌట్ల మహాసమ్మేళనం, జరిగింది.

కబ్ విభాగానికి కథా నేపథ్యం భారతదేశానిదే. రడ్యార్డ్ కిప్లింగ్ 'జంగిల్ బుక్'లో మోగ్లీ పెరిగిన తోడేళ్ల గుంపు మధ్య భారతంలోని సివనీ అడవులది. జ్ఞాపకశక్తికీ పరిశీలనకూ స్కౌట్లు ఆడే 'కిమ్ ఆట' కూడా అదే రచయిత నవల 'కిమ్' నుంచి వచ్చింది. పళ్లెంలో ఇరవై నాలుగు వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పేస్తారు. వాటిలో కనీసం పదహారు గుర్తుపెట్టుకుని రాయాలి.

భారతదేశంలో ఉద్యమం

1909లో బెంగళూరులో కెప్టెన్ బేకర్ మొదటి స్కౌట్ ట్రూప్‌ను ప్రారంభించారు. 1911లో జబల్పూరులో మొదటి గైడ్ కంపెనీ ఏర్పడింది. ఈ తొలి దళాలు ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే పరిమితం. భారతీయ బాలురను చేర్చుకోవడానికి వలస ప్రభుత్వం వెనుకాడింది. ఆ అడ్డంకిని దాటడానికి దేశంలో వేర్వేరు చోట్ల ప్రయత్నాలు జరిగాయి. మధ్య పరగణాల్లో వివియన్ బోస్, ఉత్తర భారతంలో శ్రీరామ్ బాజ్‌పాయి భారతీయ బాలురకు స్కౌటింగ్ నేర్పారు. మద్రాసులో అనిబిసెంట్, జార్జ్ అరండేల్ భారతీయ బాల స్కౌట్ల సంఘాన్ని స్థాపించారు. ఆనాడు కోస్తా తెలుగు ప్రాంతం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. 1918లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజ్‌పాయి కలిసి అలహాబాదు కేంద్రంగా సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నెలకొల్పారు.

1921లో బేడెన్ పవెల్ దేశానికి వచ్చినప్పుడు అనిబిసెంట్ సంఘం బ్రిటిష్ ఉద్యమానికి అనుబంధమైన ప్రధాన సంఘంలో విలీనమైంది. సేవా సమితి విడిగానే ఉండిపోయింది. 1937లో ఆయన మరోసారి వచ్చి వెళ్లాక, భారతీయుల శీలాన్ని తక్కువ చేసినట్టున్న ఆయన వ్యాఖ్యలు పత్రికలకెక్కి దుమారం రేగింది. ఫలితంగా 1938లో హిందుస్తాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. పద్ధతిని అంగీకరిస్తూనే, దాన్ని తెచ్చినవారి పెత్తనాన్ని తోసిపుచ్చిన ఘట్టమిది. స్వాతంత్ర్యం తర్వాత నెహ్రూ, మౌలానా ఆజాద్ వంటి నాయకుల చొరవతో 1950 నవంబరు 7న సంఘాలు ఒకటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అవతరించింది. 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా వచ్చి చేరింది. బాలబాలికలిద్దరూ ఒకే సంస్థలో ఉండడం ఆనాటికి చాలా దేశాల్లో లేని ఏర్పాటు. సంస్థ జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది.

కొత్త సంస్థ మొదటి జాతీయ జాంబోరీ 1953లో హైదరాబాదులో జరిగింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు రాష్ట్ర సంఘాలున్నాయి. సంస్థ నిర్మాణంలో రైల్వే జోన్లకు కూడా రాష్ట్ర హోదా ఉంటుంది. అందువల్ల విజయవాడ పరిసరాల్లో రాష్ట్ర సంఘం దళాలతో పాటు దక్షిణ మధ్య రైల్వే దళాలు కూడా పనిచేస్తూ వచ్చాయి.

విభాగాలు, మెట్లు

వయసును బట్టి సభ్యులను విభాగాలు చేస్తారు. మూడేళ్లు దాటిన చిన్నారులు బన్నీలు. ప్రాథమిక పాఠశాల ఈడు బాలురు కబ్‌లు, బాలికలు బుల్‌బుల్‌లు. పదేళ్లు నిండాక స్కౌట్, గైడ్ విభాగాల్లో చేరతారు. ఆ పై వయసు యువకులు రోవర్లు, యువతులు రేంజర్లు. వీరికి పాతికేళ్ల వరకు అవకాశముంది. కబ్, బుల్‌బుల్‌ల నినాదం 'కోషిష్ కరో', స్కౌట్, గైడ్‌లది 'తయార్', రోవర్, రేంజర్లది 'సేవ'. పసివాడి నుంచి ప్రయత్నాన్ని, ఎదిగే పిల్లవాడి నుంచి సంసిద్ధతను, యువకుడి నుంచి పరులకు ఉపయోగపడడాన్ని ఆశిస్తున్న క్రమం ఇందులో కనిపిస్తుంది.

స్కౌట్, గైడ్ విభాగంలో ప్రవేశ్‌తో మొదలుపెట్టి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు ఎక్కాలి. ఆ తర్వాత రాజ్య పురస్కార్, అన్నిటికంటే పైన రాష్ట్రపతి పురస్కారం. ఒక్కో మెట్టుకు కొన్ని నెలల సాధన, చేసి చూపించే పరీక్ష ఉంటాయి. వీటికి తోడు వంట, ప్రథమ చికిత్స, తోటపని వంటి విషయాల్లో ఇష్టాన్ని బట్టి నైపుణ్య బ్యాడ్జీలు సంపాదించుకోవచ్చు. తరగతిలో మాదిరి ర్యాంకులు ఉండవు. ఎవరి మెట్టు వారిది. పక్కవాడు వెనకబడితే తనకు లాభం లేదు. పైగా దళమంతా కలిసి మార్కులు పొందే పోటీల్లో, వెనకబడినవాడికి నేర్పించుకోవడమే అందరికీ లాభం. చదువులో చివరి బెంచీలో కూర్చునే పిల్లవాడు గుడారం వేయడంలోనో, దిక్కులు గుర్తించడంలోనో ముందు నిలవడం ట్రూప్‌లో వింతేమీ కాదు.

దళం, ప్రతిజ్ఞ, నియమం

స్కౌట్ పద్ధతికి మూలం పెట్రోల్ అనే చిన్న దళం. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక దళం. ఇలాంటి కొన్ని దళాలు కలిస్తే ట్రూప్. ప్రతి దళానికీ ఒక పేరు, జెండా, కేక ఉంటాయి. దళ నాయకుడిని పెట్రోల్ లీడర్ అంటారు. గుడారాలు, వంట సామాను, హాజరు, కొత్తవారి శిక్షణ అన్నీ దళంలోనే పంచుకుంటారు. నాయకులందరూ కూర్చుని ట్రూప్ వ్యవహారాలు తేల్చుకునే సభ పేరు 'కోర్ట్ ఆఫ్ ఆనర్'. స్కౌట్ మాస్టర్ అక్కడ సలహాదారే తప్ప తీర్పరి కాడు.

ఈ ఏర్పాటులోనే నాయకత్వ శిక్షణ ఇమిడి ఉంది. ఏడుగురిలో ఒకడు పని ఎగ్గొడితే ఆ లోటు సాయంత్రం భోజనం దగ్గరే తెలిసిపోతుంది. నీళ్లు తేవలసినవాడు తేకపోతే అన్నం ఆలస్యమవుతుంది. తిట్టవలసిన పెద్దలెవరూ అక్కడ ఉండరు, ఆకలితో ఉన్న ఆరుగురు స్నేహితులుంటారు. నాయకుడు తనకంటే ఏడాది చిన్నవాడి చేత పని చేయించడానికి అరవాలో, నచ్చజెప్పాలో, తానే ముందు బిందె ఎత్తుకోవాలో తేల్చుకోవాలి. పద్నాలుగేళ్ల వయసులో ఇంత చిన్న వృత్తంలో పొరపాట్లు చేసి దిద్దుకునే అవకాశం తరగతి గదిలో దొరకదు.

చేరేటప్పుడు స్కౌట్ ఒక ప్రతిజ్ఞ చేస్తాడు. దైవం పట్ల, దేశం పట్ల తన విధిని శక్తికొద్దీ నెరవేరుస్తానని, ఇతరులకు సాయపడతానని, స్కౌట్ నియమాన్ని పాటిస్తానని దాని సారాంశం. దైవం అన్నచోట ధర్మం అనే మాట వాడుకునే వీలుంది. భారతీయ స్కౌట్ నియమంలో తొమ్మిది అంశాలున్నాయి: నమ్మదగినవాడై ఉండడం, విధేయత, అందరితో స్నేహం, మర్యాద, జంతువుల మీద దయతో పాటు ప్రకృతి మీద ప్రేమ, క్రమశిక్షణతో పాటు ప్రజల ఆస్తిని కాపాడడం, ధైర్యం, పొదుపు, మనోవాక్కాయ కర్మల్లో స్వచ్ఛత. ఇవి 'చేయరాదు' అన్న నిషేధాలుగా కాక 'స్కౌట్ ఇలా ఉంటాడు' అన్న వర్ణనలుగా ఉంటాయి. శిబిరాల్లో జరిగే సర్వమత ప్రార్థనలో భిన్న మతాల పిల్లలు ఒకేచోట కూర్చుంటారు. యూనిఫాం, మెడలోని స్కార్ఫ్ ధనిక పేద తేడా కనబడకుండా చేయడానికి ఉద్దేశించినవి.

చేతిపని నుంచి జీవన నైపుణ్యం దాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది జీవన నైపుణ్యాలను పేర్కొంది. తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, విమర్శనాత్మకంగానూ సృజనాత్మకంగానూ ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, మాట నేర్పు, మానవ సంబంధాలు, ఒత్తిడిని తట్టుకోవడం, ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం ఆ జాబితాలోనివి. స్కౌట్ పాఠ్యక్రమంలో ఈ పేర్లతో పాఠాలేమీ ఉండవు. ముడులు, నిప్పు, పటం, కట్టు వంటి పనులే ఉంటాయి. నైపుణ్యం ఆ పనుల్లో ఎలా దాగి ఉందో కొన్ని ఉదాహరణలు చూపుతాయి.

నిప్పు రాజేయడం ద్వితీయ సోపాన్ స్థాయి పరీక్ష. ఆరుబయట, రెండు అగ్గిపుల్లలకు మించకుండా మంట పుట్టించాలి. ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ చేలల్లో పంట తీశాక పత్తికట్టె, కందికట్టె పుష్కలంగా దొరుకుతాయి. కొత్త స్కౌట్ మూడు రాళ్ల మధ్య వాటిని గుట్టగా పోసి అగ్గిపుల్ల గీస్తాడు. పుల్ల ఆరిపోతుంది, కట్టె అంటుకోదు. అనుభవం ఉన్నవాడు ముందు గాలి ఎటు వీస్తోందో చూసి, పొయ్యి నోరు అటు పెడతాడు. ఎండిన గడ్డి, పీచు అడుగున పెట్టి, వాటి మీద అగ్గిపుల్లంత సన్నని చితుకులు నిలబెట్టి, వేలంత లావువి చేతికందే దూరంలో ఉంచుకుని అప్పుడు గీస్తాడు. మొదటి పుల్ల వృథా అయితే రెండోది మాత్రమే మిగిలి ఉందన్న స్పృహ తొందరను అణచడం నేర్పుతుంది. పని అయ్యాక నీళ్లు చల్లి, బూడిద పూడ్చి, చోటును మునుపటిలా చేయడం కూడా పరీక్షలో భాగమే.

నది వెడల్పును దాటకుండానే అంచనా వేయడం మరో పని. అదే ప్రాంతంలోని మున్నేరు నది గట్టున నిలబడిన స్కౌట్ అవతలి ఒడ్డున ఒక తుమ్మచెట్టును గుర్తు పెట్టుకుని, దానికి సరిగ్గా ఎదురుగా ఇవతల ఒక కర్ర పాతుతాడు. అక్కడి నుంచి గట్టు వెంట అరవై అడుగులు వేసి రెండో కర్ర, మరో ముప్ఫై అడుగులు వేసి మూడో కర్ర పాతుతాడు. మూడో కర్ర దగ్గర నదికి వీపు పెట్టి, లంబంగా చేలోకి నడుస్తూ వెనక్కి చూస్తుంటాడు. రెండో కర్ర, ఆవలి చెట్టు ఒకే వరుసలోకి వచ్చిన చోట ఆగుతాడు. మూడో కర్ర నుంచి నడిచిన అడుగులను రెట్టింపు చేస్తే నది వెడల్పు తెలుస్తుంది. తన అడుగు పొడవు ముందే కొలిచి ఉంచుకుంటే అడుగులు మీటర్లవుతాయి. తరగతిలో సరూప త్రిభుజాల సిద్ధాంతం కింద చదివిన లెక్క ఇదే. పుస్తకంలో విసుగు పుట్టించిన లెక్క పనికొచ్చిందన్న అనుభవం చదువు మీద పిల్లల నమ్మకాన్ని పెంచుతుంది.

ముడులు ఒక్కో పనికి ఒక్కో రకం. కట్టు కొసలు కలపడానికి రీఫ్ ముడి వేస్తారు. అది గాయం మీద ఎత్తుగా నిలవదు, తేలిగ్గా విప్పవచ్చు. లావు సన్నం తాళ్లను కలపడానికి షీట్ బెండ్, కర్రకు తాడు మొదలు కట్టడానికి క్లోవ్ హిచ్ వాడతారు. మనిషిని పైకి లాగడానికి బౌలైన్ వేస్తారు. దాని ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు కాబట్టి చంకల కింద వేసినా ఊపిరికి అడ్డం పడదు. ఏ ముడి ఎక్కడ వేయాలో తేల్చుకోవడంలోనే ఆలోచన ఉంది. ముడి తప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుందని తెలిసిన చేతికి శ్రద్ధ అలవడుతుంది.

మెట్ట ప్రాంతపు అవసరాలు

పై ఉదాహరణల్లోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం కృష్ణా జిల్లా డెల్టా మాగాణులకు ఎగువనున్న మెట్ట నేల. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పత్తి, మిర్చి చేలు, సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారాలు, మధ్యగా సాగే హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి, కృష్ణలో కలిసే పాలేరు, మున్నేరు ఇక్కడి భౌగోళిక ముఖచిత్రం. స్కౌట్ నైపుణ్యాలు ఏ ఊళ్లో నేర్పినా ఒక్కటే అయినా, ఎక్కడ ఏది ముందు నేర్పాలన్నది ఆ నేల నిర్ణయిస్తుంది.

ఇక్కడ మొదటి ముప్పు నీరు. 2022 జనవరిలో చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మున్నేరులో ఐదుగురు పిల్లలు మునిగి చనిపోయారు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీరు రావడంతో రాకపోకలు నిలిచిపోయాయి. మునిగిపోతున్నవారిని చూసి వెంటనే నీళ్లలోకి దూకడం ఒకరికి ఇద్దరు పోవడానికి సాధారణ కారణం. స్కౌట్ శిక్షణ అందుకు ఒక వరుస నేర్పుతుంది. ముందు కేకలు వేసి పెద్దలను పిలవాలి. ఒడ్డున పడుకుని కర్ర, చీర, పంచె ఏదైనా అందించాలి. అందకపోతే తాడుగానీ, గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాన్ వంటి తేలే వస్తువుగానీ విసరాలి. ఈత, రక్షణ నేర్చినవారు తప్ప నీళ్లలోకి దిగకూడదు. ధైర్యం అంటే దూకడం కాదు, భయంలోనూ సరైన క్రమం తప్పకపోవడం అని ఈ శిక్షణ నేర్పుతుంది.

రెండోది ఎండ. వేసవిలో ఈ ప్రాంతం కోస్తాలోకెల్లా అధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. మిర్చి కల్లాల్లో పనిచేసేవారికి వడదెబ్బ తరచు ముప్పు. బాధితుణ్ణి నీడకు చేర్చడం, బట్టలు వదులు చేయడం, తడిగుడ్డతో ఒళ్లు చల్లబరచి విసరడం, తెలివిలో ఉంటేనే ఓఆర్‌ఎస్ తాగించడం, మాట తడబడినా తెలివి తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించడం స్కౌట్ తెలుసుకోవలసిన క్రమం.

మూడోది పాము కాటు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర చేలగట్ల మీద ఉండేవే. కాటు పడ్డచోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ప్రమాదకరం. కాటు పడ్డ కాలునో చేతినో కదలకుండా బద్ద కట్టి, ధైర్యం చెప్పి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. ఇంట్లో మంత్రం వేయించాలని పట్టుబట్టే పెద్దలకు నచ్చజెప్పడం ఇక్కడ కట్టు కట్టడమంత ముఖ్యమైన నైపుణ్యం. మర్యాద తప్పకుండా, వెనక్కి తగ్గకుండా మాట్లాడడం పన్నెండేళ్ల పిల్లకు ట్రూప్ సమావేశాల్లో, నాటికల్లో అలవడితేనే ఆ వేళ నోరు పెగులుతుంది.

నాలుగోది రహదారి. ప్రమాదం జరిగినప్పుడు వెనక వచ్చే వాహనాలను హెచ్చరించడం, 108కు ఫోన్ చేసి ఊరు, కిలోమీటరు రాయి, గాయపడినవారి సంఖ్య స్పష్టంగా చెప్పడం, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టడం, వెన్ను దెబ్బతిన్నదనిపిస్తే కదిలించకపోవడం బడి పిల్లలు నేర్చుకోగలిగినవే.

హైకింగ్‌కు ఈ ప్రాంతం అనుకూలమైనది. జగ్గయ్యపేట చేరువలోని ధనబోడులో 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపిన బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నై మ్యూజియానికి చేరింది. కృష్ణ ఒడ్డున వేదాద్రి, ముక్త్యాల ఉన్నాయి. పటం, దిక్సూచి పట్టుకుని, తాగునీరు లెక్కగా మోసుకుంటూ, దారిలోని గుర్తులు రాసుకుంటూ పోయి వచ్చి నివేదిక సమర్పించడం స్కౌట్ పరీక్షల్లో ఒకటి. ఊరి చరిత్రను కాళ్లతో నడిచి తెలుసుకున్నప్పుడు దాని మీద కలిగే అభిమానం, ప్రజల ఆస్తిని కాపాడాలన్న నియమానికి అర్థం కల్పిస్తుంది.

సేవ

రోజుకొక మంచిపని చేయడం స్కౌట్ సంప్రదాయం. దాన్ని గుర్తు చేసుకోవడానికి స్కార్ఫ్ కొసన ముడి వేసుకునే అలవాటు ఉంది. పెద్ద ఎత్తున సేవకు జాతరలు, పుష్కరాలు, వరదలు సందర్భాలు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల వంటి ఉత్సవాలకు జనం వేల సంఖ్యలో వస్తారు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాల్లో వేదాద్రి, ముక్త్యాల ఘాట్లకు కూడా భక్తులు వచ్చారు. ఇలాంటి చోట్ల మంచినీళ్లు అందించడం, వృద్ధులను నడిపించడం, తప్పిపోయిన పిల్లల వివరాలు రాసుకుని ప్రకటన కేంద్రానికి చేర్చడం, చెత్త ఏరడం స్కౌట్లు చేయదగిన పనులు. లోతు నీళ్ల దగ్గర, తొక్కిసలాట జరగగల ఇరుకుల్లో పిల్లలను కాపలా పెట్టకూడదన్నది నిర్వాహకులు మరవరాని హద్దు.

పరిశోధన ఫలితాలు

స్కౌటింగ్ నిజంగా నడవడిని మారుస్తుందా అన్న ప్రశ్న మీద పరిశోధనలు జరిగాయి. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లెర్నర్ బృందం ఫిలడెల్ఫియా ప్రాంతంలో సుమారు 1,800 మంది కబ్ స్కౌట్లనూ, స్కౌటింగ్‌లో లేని 400 మంది బాలురనూ మూడేళ్లకు దగ్గరగా గమనించి 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదట్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలం గడిచేకొద్దీ కబ్‌లలో ఉల్లాసం, సాయపడే గుణం, దయ, విధేయత, నమ్మకస్తులుగా ఉండడం, భవిష్యత్తు మీద ఆశ పెరిగాయి. రెండో వర్గంలో అంతటి పెరుగుదల కనిపించలేదు.

ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 1958లో బ్రిటన్‌లో పుట్టిన సుమారు పదివేల మంది జీవిత సమాచారాన్ని పరిశీలించి 2016లో మరో సంగతి వెల్లడించారు. చిన్నతనంలో స్కౌట్లుగా, గైడ్లుగా ఉన్నవారికి యాభై ఏళ్ల వయసులో ఆందోళన, కుంగుబాటు వంటి సమస్యలు వచ్చే అవకాశం సుమారు 15 శాతం తక్కువ. పేద కుటుంబాల్లో పుట్టినవారికి ఉండే అదనపు మానసిక ముప్పు వీరిలో దాదాపు కనిపించలేదు.

ఈ రెండు అధ్యయనాలూ పిల్లలను చీటీ తీసి రెండు వర్గాలుగా విడదీసిన ప్రయోగాలు కావు. పిల్లలను స్కౌటింగ్‌లో చేర్చే తల్లిదండ్రుల శ్రద్ధ కూడా ఫలితంలో కలిసి ఉండవచ్చు. పాశ్చాత్య దేశాల ఫలితాలను తెలుగు పల్లె బడికి యథాతథంగా అన్వయించడం కూడా తొందరపాటే.

విమర్శలు, పరిమితులు

సైనికాధికారి స్థాపించిన ఉద్యమం కావడం, కవాతు, సెల్యూట్, యూనిఫాం ఉండడం వల్ల ఇది పిల్లలకు సైనిక స్వభావాన్ని అలవరుస్తుందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. వలస పాలన నాటి వివక్ష గురించిన చరిత్ర పైన చూసిందే. విధేయత, క్రమశిక్షణ మీద పెట్టే ఒత్తిడి ప్రశ్నించే తత్వాన్ని అణచివేయకుండా చూడడం నాయకుల మీద ఉంటుంది.

అంతకంటే తీవ్రమైనది పిల్లల భద్రత. పెద్దల లైంగిక దుశ్చర్యలకు సంబంధించిన దావాల భారంతో అమెరికా బాల స్కౌట్ల సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. 80 వేలకు పైగా బాధితులు పరిహారానికి దరఖాస్తు చేశారు. ఏ పెద్దవారూ ఒక పిల్లతోగానీ పిల్లవాడితోగానీ ఏకాంతంగా ఉండకూడదన్న నియమం, నాయకుల పూర్వాపరాల పరిశీలన, ఫిర్యాదుకు నిర్భయమైన దారి ఇప్పుడు స్కౌటింగ్‌లో తప్పనిసరిగా భావించే అంశాలు.

తెలుగు నాట ఎదురయ్యే సమస్యలు వేరు. పదో తరగతి పరీక్షల ఒత్తిడిలో వారపు సమావేశాలు మొదట కోతపడతాయి. యూనిఫాం, శిబిరం ఖర్చులు కూలి కుటుంబాలకు భారం. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే ట్రూప్ ఆగిపోతుంది. ఆడపిల్లలను రాత్రి శిబిరాలకు పంపడానికి ఇళ్లలో సందేహిస్తారు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉండడం గ్రామీణ యువతకు మేలే అయినా, పురస్కారాలను సర్టిఫికెట్ల కోసమే వెంబడించే ధోరణికి అది తావిస్తుంది. జెండా పండుగల నాడు స్కార్ఫులు కట్టించి అతిథులకు స్వాగతం పలికించడంతో సరిపెట్టే బడిలో యూనిఫాం ఉంటుంది, స్కౌటింగ్ ఉండదు.

ఇతర సంస్థలతో పోలిక

జాతీయ క్యాడెట్ దళం (ఎన్‌సీసీ) 1948 చట్టం ద్వారా ఏర్పడి రక్షణ శాఖ కింద పనిచేస్తుంది. సైనిక శిక్షణ దాని ముఖ్యాంశం. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ప్రధానంగా కళాశాల విద్యార్థులది. జూనియర్ రెడ్‌క్రాస్ ఆరోగ్యం, ప్రథమ చికిత్సల మీద దృష్టి పెడుతుంది. పసితనం నుంచి పాతికేళ్ల దాకా ఒకే క్రమంలో సాగడం, పిల్లలే నడిపే చిన్న దళం మూలంగా ఉండడం స్కౌటింగ్‌ను వీటి నుంచి వేరు చేస్తాయి.

మంచి ట్రూప్‌కు కావలసినవి

ట్రూప్ నడపడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బడి ఆవరణ, కొన్ని తాళ్లు, వెదురు కర్రలు, ప్రథమ చికిత్స పెట్టె, ఒక దిక్సూచి, వారానికి ఒక సాయంత్రం చాలు. కావలసినవాటిలో ముఖ్యమైనది శిక్షణ పొందిన స్కౌట్ మాస్టర్ లేదా గైడ్ కెప్టెన్. వీరికి బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జి శిక్షణ ఉంటాయి. ఒక బడిలో ఇద్దరు శిక్షితులుంటే ఒకరి బదిలీతో పని ఆగదు. ఊళ్లోని నర్సు, అగ్నిమాపక సిబ్బంది, వడ్రంగి, ఈత తెలిసిన పెద్దలు పరీక్షకులుగా వస్తే బడికీ ఊరికీ మధ్య దారి పడుతుంది. యూనిఫాంలు పెద్ద స్కౌట్ల నుంచి చిన్నవారికి చేరేలా ట్రూప్ దగ్గరే ఉంచుకోవడం ఖర్చు తగ్గించే మార్గం.

అన్నిటికంటే కష్టమైనది పెద్దలు వెనక్కి తగ్గడం. మాస్టారే గుడారం వేసి, మాస్టారే వంట సరిదిద్ది, మాస్టారే తగాదా తీర్చితే శిబిరం సజావుగా ముగుస్తుంది గానీ పిల్లలకు మిగిలేది తక్కువ. ప్రాణాపాయం లేనంత వరకు పిల్లల పొరపాటును పిల్లలే దిద్దుకోనివ్వడం, అపాయం ఉన్నచోట క్షణమైనా ఆలస్యం చేయకుండా కలగజేసుకోవడం స్కౌట్ మాస్టర్ నేర్చుకోవలసిన విద్య. ట్రూప్ పనితీరును అది సంపాదించిన బ్యాడ్జీల సంఖ్యతో కాక, పిల్లలు సొంతంగా తలకెత్తుకుని పూర్తిచేసిన పనులతో అంచనా వేయాలి.